నడుముకున్న పిస్టల్ సంగతేమిటి, మంత్రిగారూ?

రక్షణ మంత్రి శ్రీ రాజ్‌నాథ్ సింగ్ గారికి,

నార్తర్న్ కమాండ్‌కు 550 అస్మీ మెషిన్ పిస్టళ్లు చేరాయన్న వార్తకు సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. కర్నల్ ప్రసాద్ బన్సోడ్ డీఆర్‌డీఓతో కలిసి రూపొందించారు, మన హైదరాబాద్‌లో లోకేష్ మెషిన్స్ తయారుచేసింది. కాదనడానికేముంది? కానీ సైన్యానికి కొత్త పిస్టల్ వచ్చేసినట్టే చప్పట్లు కొడుతుంటే ఊరుకోబుద్ధి కాలేదు. అస్మీ భుజానికి తగిలించుకునేది, కార్బైన్ పని చేసేది. నడుముకు కట్టుకునేది ఇంకా ఆ పాత ఇషాపూర్ 9 ఎంఎం 1ఎ పిస్టలే కదా! దాని మాటెత్తరేం?

నేను ఆర్మరర్‌గా రిటైరైనవాణ్ణి. ఆ పిస్టల్‌ను విప్పి బిగించిన చేతులివి. 1935లో వచ్చిన బ్రౌనింగ్ హైపవర్‌ను రెండో ప్రపంచ యుద్ధంలో కెనడాలోని ఇంగ్లిస్ కంపెనీ తయారుచేస్తే, దాని అచ్చులోనే మనం చేసుకున్నాం. చేతిలో చక్కగా ఒదుగుతుంది, 13 తూటాలు పడతాయి, తీసిపారేసే సరుకేం కాదు. కానీ దాని సేఫ్టీ మీటను మీరెప్పుడైనా వేలితో నొక్కి చూశారా? గోరంత ఉంటుంది. చెమట పట్టిన బొటనవేలికి దొరికి చావదు. దాన్ని నమ్మలేక చాలామంది ఛాంబర్ ఖాళీగా ఉంచుకుంటారు. అవసరం పడితే స్లైడ్ లాగడానికి రెండో చెయ్యి కావాలి. ఆ చెయ్యి స్టీరింగ్ మీద ఉంటేనో? ఆ చేతిలోనే గుండు దిగి ఉంటేనో? పైపెచ్చు, కాల్చినప్పుడు వెనక్కొచ్చే హ్యామర్ బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ చర్మాన్ని కొరుకుతుంది. కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, పిస్టల్ జమచేస్తూ ఆ గాట్లు చూపించి నవ్వేవాళ్లు కుర్రాళ్లు. అందులో నవ్వాల్సిందేముందో నాకు ఇప్పటికీ తెలియదు.

బ్రిటన్ ఇదే బ్రౌనింగ్‌ను 2013లో పక్కనపెట్టి, 17 తూటాల గ్లాక్‌లు 25 వేలకు పైగా కొంది. అయిన ఖర్చు 90 లక్షల పౌండ్లు. ఇంగ్లిస్ పిస్టల్ పుట్టిన కెనడాయే 2022లో దాని స్థానంలో సిగ్ పీ320ని ఎంచుకుంది.

ఇక అమెరికా. 350 పేజీలు దాటిన పిస్టల్ టెండరు పత్రం చూసి, పరీక్షలకు రెండేళ్లా, 1.7 కోట్ల డాలర్లా అని వాళ్ల ఆర్మీ చీఫ్ మార్క్ మిల్లీయే 2016లో బాహాటంగా విరుచుకుపడ్డారు. 2017లో అదే సిగ్ పీ320ని ఎంచితే గ్లాక్ ఫిర్యాదు చేసింది. ఫిర్యాదు వీగిపోయింది కానీ ఆ తీర్పులో ఎవరెంత ధర వేశారో, సిగ్ దాదాపు 17 కోట్ల డాలర్లనీ గ్లాక్ 27 కోట్లనీ, లోకానికంతా తెలిసింది. అదే ఏడాది బయట అమ్మిన పీ320లు కిందపడితే పేలుతున్నాయని తేలి కంపెనీ ట్రిగ్గర్ భాగాలు మార్చాల్సి వచ్చింది. అంటే అంత తతంగం జరిపీ తప్పించుకోలేకపోయారు. మన దగ్గర ఆ తతంగమైనా ఉందా?

పాత కథలు మీకు నేను చెప్పాలా! 2011లో పిలిచిన మల్టీ క్యాలిబర్ రైఫిల్ టెండరు 2015లో రద్దు. 93,895 కార్బైన్లకు 2018లో కారకల్ కంపెనీని ఎంచి, 2020లో వద్దన్నారు. ఇన్సాస్ రైఫిల్ సంగతి అసలెత్తను.

యుద్ధవిమానాల బేరం ముందు పిస్టల్ చిల్లర ఖర్చే. అందుకే ఎవరికీ పట్టదేమో. మరి కొత్తదానికి ఏమేం కావాలో ఎవరు రాస్తున్నారు? రైఫిల్ పట్టుకునే చోటులేని ట్యాంకు డ్రైవర్‌ను అడిగారా? మిలిటరీ పోలీసు జవానును? చిన్న చెయ్యి ఉన్న మహిళా అధికారిని? సియాచిన్‌లో మందపాటి గ్లవుజుతో ట్రిగ్గర్ అందుతుందా అని ఎవరైనా తొడుక్కుని చూశారా? స్ప్రింగులూ మ్యాగజైన్లూ పదేళ్ల తర్వాత దొరుకుతాయా, లేక కోత్‌లో ఒకదాన్ని విప్పి ఇంకోదానికి వేసుకోవాలా?

మాది మాధవరం. ఇంటింటికీ ఒక ఫౌజీ ఉన్న ఊరు. సెలవుల్లో వచ్చిన పిల్లలు, "తాతా, పిస్టల్ ఎప్పుడు మారుస్తారంట?" అని నన్నడుగుతారు, నాకేదో తెలిసినట్టు. ఏం చెప్పమంటారు? ఫలానా కంపెనీదే కొనండని నేననను. దేశీయమైనా విదేశీయమైనా మాకు పేచీ లేదు. దయచేసి ఏదో ఒకటి తేల్చండి. తేల్చేముందు దాన్ని నడుముకు కట్టుకునేవాడి చేతికిచ్చి చూడండి.

ఇట్లు,
ఒక మాజీ ఆర్మరర్,
మాధవరం, పశ్చిమ గోదావరి జిల్లా