ఆట ముగిసిన పిమ్మట

ఎండకాలమున ఉప్పల్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ మైదానమున ఐపీఎల్ ఆటలు జరుగు శని, ఆదివారములలో తెలకపల్లి నుండియు, చుట్టుపట్ల పల్లెల నుండియు హైదరాబాదునకు తరలిపోవు యువకులను చూచినప్పుడెల్ల, టిక్కెట్టు సంపాదించుటలో వారు చూపు శ్రద్ధలో నాలుగవ వంతైనను తిరుగు ప్రయాణమును గూర్చి చూపరే యను చింత నాకు కలుగుచుండును.

పోవలదని నేననను. 2017లోను, 2019లోను ఈ మైదానమున జరిగిన ఐపీఎల్ అంతిమ పోటీలు రెండింటను ముంబయి జట్టు ఒక్క పరుగు తేడాతోనే గెలిచినది; 2024 మార్చి 27వ తేదీ రాత్రి సన్‌రైజర్స్ వారు అదే ముంబయి జట్టుపై మూడు వికెట్లకు 277 పరుగులు సాధించిరి. అట్టి ఘట్టములను కన్నులార చూచు భాగ్యము రాజధానివారికే పరిమితము కారాదు. ఆ నగరమున లేచిన మేడలలో మన పాలమూరు మేస్త్రీల, కూలీల స్వేదము కలదు. వారి బిడ్డలు అచ్చటికి అతిథులుగా పోయి, సగౌరవముగా ఆట చూచి, క్షేమముగా ఇల్లు చేరవలెనన్నదే నా కోరిక.

కల్వకుర్తి, ఆమనగల్లు మీదుగా శ్రీశైలం రహదారిని వచ్చు బస్సెక్కినవారు మహాత్మాగాంధీ బస్ స్టేషను వరకు పోయి నగరపు నడిబొడ్డున చిక్కుకొననక్కర లేదు. చాంద్రాయణగుట్టలో దిగి, ఎల్బీనగర్, నాగోలు మీదుగా సిటీ బస్సులలో ఉప్పల్ చేరవచ్చును. జడ్చర్ల మీదుగా వచ్చి బస్ స్టేషనులో దిగినవారు మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో నాగోలు రైలునకు మారి, స్టేడియం స్టేషనులో దిగుట మేలు. సంచులను, నీళ్ల సీసాలను, ఇంటినుండి తెచ్చుకొన్న సద్దిని మైదానములోనికి రానీయరు గనుక, అవి బంధువుల ఇంట ఉంచి, కడుపు నిండ భుజించి పోవలెను.

జనసమ్మర్దమును గూర్చి మాత్రము గట్టిగా చెప్పక తప్పదు. 2022 సెప్టెంబరులో భారత్, ఆస్ట్రేలియా ఆట టిక్కెట్ల కొరకు సికింద్రాబాదు జింఖానా మైదానమున తొక్కిసలాట జరిగి పలువురు గాయపడిరి. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి మైదానము వెలుపల విజయోత్సవమునకు వచ్చినవారిలో 11 మంది ప్రాణములే కోల్పోయిరి. చివరి బంతి పడినంతనే ద్వారమువైపు పరుగిడక, జనము పలుచబడు వరకు కూర్చున్నచోటనే నిలుచుట, అందును పిల్లలను వెంటబెట్టుకొని పోయినవారికి, అత్యవసరము.

ఒకేరోజు రెండు ఆటలున్నప్పుడు మొదటిది మధ్యాహ్నము మూడున్నరకు ఆరంభమగును. అది ఉప్పల్‌లో జరిగినచో, ఎండకు వెరవక దానినే ఎన్నుకొనుడు. రాత్రి తొలిజామున బస్సు దొరకును. ఏడున్నరకు మొదలగు ఆట ముగియునప్పటికి పదకొండు దాటును. అప్పుడు మోటారు సైకిలు మీద, నిదురకన్నులతో, లారీల నడుమ మూడు గంటల దారి పట్టుటకంటె అవివేకము లేదు. ఆ రాత్రి బంధువుల ఇంటనో, పని నిమిత్తము నగరమున నివసించు మన ఊరివారి గదులలోనో తలదాచుకొని, మరునాడు మూసీ ఒడ్డున, బస్ స్టేషనునకు చేరువనే యున్న సాలార్‌జంగ్ మ్యూజియమును పిల్లలకు చూపి పగటివేళ మరలి రావలెను. శుక్రవారము దానికి సెలవు, ఆదివారము తెరచియుండును.

అయినను భారమంతయు ప్రేక్షకుని మీదనే మోపుట న్యాయము కాదు. ఆట రాత్రులందు నగరవాసుల కొరకు మెట్రో వేళలను పొడిగించుట, ఉప్పల్‌కు ప్రత్యేక బస్సులు నడుపుట జరుగుచునే యున్నది. నగరపుటెల్లలు దాటి పోవలసినవారును టిక్కెట్టు కొన్నవారే కదా! శని, ఆదివారముల ఆట ముగిసిన అరగంటకు ఉప్పల్ నుండి కల్వకుర్తి మీదుగా నాగర్‌కర్నూల్‌కు ఒక్క బస్సునైనను నడుపుడని, ఆ సంగతిని వారము ముందుగనే మన బస్టాండులలో ప్రకటింపుడని ఆర్టీసీ అధికారులను అర్థించుచున్నాను.