కూలిన ప్రతిసారీ తప్పు ఎగరేసినోళ్లదేనా?

ఆర్‌సీ హెలికాప్టర్ కూలితే ముందు వినపడేది "మీ హాస్టలోళ్లకు మెయింటెనెన్స్ చేతకాదు" అనే మాటే. దాన్ని తల దించుకుని ఒప్పుకోవద్దు, ఊరికే కొట్టిపారేయొద్దు. చూసి తేలుద్దాం.

లోహంలోకి బిగించే స్క్రూకి థ్రెడ్‌లాక్ పెట్టకపోతే అదురుడుకి వదులవుతుంది. వంగిన ఫెదరింగ్ షాఫ్ట్ మార్చకుండా ఎగరేస్తే హెలికాప్టర్ మొత్తం వణుకుతుంది. ఇవి మెయింటెనెన్స్ లోపాలే.

కానీ స్క్రూలు, గేర్ల మధ్య సందు, తోక బెల్టు బిగువు అన్నీ సరిచూసి ఎగరేసినా, ఒకే మోడల్ నాలుగింటిలో అదే ముక్క అదే చోట విరిగితే? అప్పుడు అనుమానించాల్సింది డిజైన్‌ని, మనల్ని కాదు.

ఈ తేడా తేల్చేది నోటిమాట కాదు, నోట్‌బుక్. ఎన్నిసార్లు ఎగిరింది, ఏం మార్చాం, ఏది ఎక్కడ విరిగింది అన్నీ రాద్దాం, ఫొటోలు తీద్దాం. లెక్క మన చేతిలో ఉంటే, నింద వేసేటోళ్లే జవాబు చెప్పుకోవాలి.