ముద్ర లేని పాటలు

ఉర్దూ గజలులో చివరి షేరును మక్తా అంటారు. అందులో కవి తన తఖల్లుసును, అనగా కలం పేరును, పొదుగుతాడు. తెలుగు కీర్తనలో చివరి చరణం దగ్గర వాగ్గేయకారుడు తన ముద్ర వేస్తాడు. మన నేలకొండపల్లి గోపన్న మూడు వందల ఏళ్ళు దాటినా భద్రాచల రామదాసుగా జనుల నాలుకపై నిలిచి ఉన్నాడంటే ఆ ముద్ర చేసిన మేలు కొంత ఉన్నది. మన కళాశాలలో పక్కపక్క గదుల్లో బోధించే ఈ రెండు భాషలూ ఈ విషయంలో ఒకే మాట చెబుతాయి: పాట ఎంత మధురమైనదైనా, దానిని ఇచ్చినవాని పేరు దానితో కలిసి నడవాలి.

ఈ న్యాయాన్ని తొలినాటి గ్రామఫోను సంగీతానికి, నృత్యానికి, పాటల చిత్రాలకు అన్వయించి చూడాలని నా కోరిక. దీనికి కారణం లేకపోలేదు. ఇటీవల మన విద్యార్థుల్లో కొందరు చేతిఫోనుల్లో తొంభై, నూరేళ్ళనాటి పాటలు వెతుక్కొని వింటున్నారు. అమెరికాలో ‘జాజ్ యుగం’ అని పేరుపడిన 1920వ దశకపు వాద్యబృందాలను, ఆనాటి నృత్యాలను, తొలి టాకీలలోని ఆటపాటలను చూచి ఆనందిస్తున్నారు. పెద్దలలో కొందరు “మనకెందుకీ పరాయి గోల?” అంటున్నారు. యువకులలో కొందరు దానిని కేవలం వేషంగా, వాలుటోపీగా, సరదాగా తీసుకుంటున్నారు. నా అభిప్రాయంలో ఈ రెండు దృష్టులూ అసమగ్రమైనవే. అది పూర్తిగా పరాయిది కాదు. ఉత్త సరదా అంతకంటె కాదు.

ముందుగా గ్రామఫోను ప్లేటు సంగతి చూద్దాం. ఆనాటి ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. దానిని దేనితో చేశారని అడిగితే చాలమంది తడుముకుంటారు. దానికి ప్రాణం లక్క. శుద్ధిచేసిన లక్కలో రాతిపొడి, మసి కలిపి, వేడిమీద అచ్చు ఒత్తితే ప్లేటు తయారయ్యేది. లక్క అనగానే మనకు భారతంలోని లక్కయిల్లు గుర్తుకు వస్తుంది. అది మనుషులను కాల్చివేయడానికి కట్టినది. ఈ లక్కపలక మనుషుల గొంతులను కాపాడింది. లక్కపురుగు మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలపై కాపురం చేస్తుంది. ఫాల్గుణ మాసంలో నిప్పులు చెరిగినట్లు పూచే మోదుగ మన కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం దారుల్లో తిరిగేవారికి కొత్త కాదు. ఆ వ్యాపారానికి కేంద్రం చోటా నాగపూర్ అడవులు. అక్కడి గిరిజనులు కొమ్మలనుండి గీకి తీసిన లక్క కలకత్తా రేవు చేరి, ఓడలెక్కి, లండను, న్యూయార్కు నగరాల్లో సంగీతమై తిరిగింది. 1942లో యుద్ధం కారణంగా అమెరికా ప్రభుత్వం సైనికేతర అవసరాలకు లక్క వాడకాన్ని 70 శాతం తగ్గించమని ఆజ్ఞాపించినప్పుడు అక్కడి ప్లేట్ల పరిశ్రమ తల్లడిల్లింది. పాత ప్లేట్లు తెచ్చి ఇవ్వండని ప్రజలను కోరింది. ఏడు సముద్రాలకు ఆవలనున్న నాట్యశాల మన దేశపు అడవిచెట్టు మీద ఆధారపడి ఉన్నదని ఆనాడు రుజువైంది. కాని ఏ ప్లేటుమీదనైనా లక్క గీకినవాని పేరు ఉన్నదా? లేదు.

పేరు విషయంలో ఒక స్త్రీ మనకు పాఠం చెప్పింది. 1902లో కలకత్తాలో తొలిసారిగా గ్రామఫోనుకు పాడిన వారిలో గౌహర్ జాన్ సుప్రసిద్ధురాలు. పాట ముగియగానే ఆమె తన పేరు తానే బిగ్గరగా ప్రకటించేది. గజల్ మక్తాలో కవి చేసే పనినే ఆమె యంత్రం ముందు చేసింది. నూట ఇరవై ఏళ్ళ తరువాత కూడ, ప్లేటు గరగరల మధ్యనుండి ఆ పేరు వినిపిస్తున్నది.

ఈ ప్లేటుకు ఇంకొక గుణమున్నది. పది అంగుళాల ప్లేటు ఒక వైపున సుమారు మూడు నిమిషాలు మాత్రమే పాడుతుంది. రంగస్థలం మీద ఒక్క పద్యానికి రాగం తీసి, ‘వన్స్ మోర్’లు అందుకొని, అర్ధరాత్రి దాకా పాడగల మన నటులు ఆ మూడు నిమిషాల్లో ఒదగవలసి వచ్చింది. కపిలవాయి రామనాథశాస్త్రి, హరిశ్చంద్ర పాత్రధారి డి.వి. సుబ్బారావు వంటివారి పద్యాలు పల్లెపల్లెకు చేరినది ఈ మార్గానే. అవతల అమెరికాలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు దొరికినది కూడ ఆ మూడు నిమిషాలే. 1928లో ఆయన ఇచ్చిన ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ ప్లేటును వినండి. ట్రంపెట్ ఒంటరిగా, తాళం తోడు లేకుండా, పైకి ఎగసి కిందికి జారుతూ మొదలవుతుంది. ఆ తరువాతనే బృందం అందుకుంటుంది. పద్యానికి ముందు తీసే రాగానికి అలవాటుపడిన చెవికి దీనిలో పరాయితనం కనిపించదు. మన సంగీతంలో మనోధర్మం అనేదే ఆ సంగీతంలోనూ జీవం.

ఆ సంగీతం మన దేశానికీ వచ్చింది. 1935లో లియోన్ ఆబీ అనే నల్లజాతి సంగీతకారుడు తన బృందంతో బొంబాయి తాజ్‌మహల్ హోటలులో వాయించాడు. గోవానుండి వచ్చిన వాద్యకారులు ఆ బాణీని ఒడిసిపట్టారు. వారిలో ‘చిక్ చాకొలెట్’ అనే పేరుతో ప్రసిద్ధి చెందిన ఆంటోనియో జేవియర్ వాజ్ ఒకడు. సి. రామచంద్ర సంగీతం సమకూర్చిన ‘అల్‌బేలా’ (1951) పాటల హుషారులో ఆయన చేయి ఉన్నది. తెలుగులోనూ ఇట్టి నిదర్శనం లేకపోలేదు. ‘స్వర్గసీమ’ (1945)లో భానుమతి పావురాన్ని పిలుస్తూ పాడిన పాట పోకడకు, ‘బ్లడ్ అండ్ సాండ్’ (1941) అనే హాలీవుడ్ చిత్రంలో రీటా హేవర్త్ పాత్ర పాట ప్రేరణ. అయినా ఆ పాట విన్న తెలుగువాడు దానిని పరాయిదనలేదు. గొంతు మనది, పలుకు మనది, వరుస అతిథి.

తొలి టాకీల కథ ఇంకా ఆసక్తికరమైనది. ‘షో బోట్’ (1929) అనే అమెరికా చిత్రం చూచి ఉత్సాహం పొందిన అర్దేశిర్ ఇరానీ ‘ఆలం ఆరా’ను తీసి, 1931 మార్చి 14న బొంబాయిలో విడుదల చేశాడు. దానికి మూలం మాత్రం ఒక పారశీ నాటకం. మరుసటి ఏడు వచ్చిన ‘ఇంద్రసభ’ లక్నో కవి ఆగా హసన్ అమానత్ ఉర్దూ నాటకానికి చిత్రరూపం. అందులో డెబ్బైకి పైగా పాటలున్నాయి! ఆ ఏడే, 1932 ఫిబ్రవరి 6న, హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం దానికి ఆధారం. సురభి కమలాబాయి లీలావతిగా నటించింది. ఏలూరు ప్రాంతపు యువకుడు ఎల్.వి. ప్రసాద్ ‘ఆలం ఆరా’లోనూ, 1931నాటి ‘కాళిదాస్’లోనూ, ‘భక్త ప్రహ్లాద’లోనూ చిన్న వేషాలు వేశాడు. అంతకు చాల ముందే పారశీ నాటక సమాజాల వరుసలు ‘పార్శీ మట్లు’ అనే పేరుతో మన పద్యనాటకాల్లో చేరి ఉన్నాయి. ఉర్దూ రంగస్థలం, తెలుగు రంగస్థలం ఒకే నూతిలో నీళ్ళు తోడుకున్నాయని దీనివల్ల తెలుస్తున్నది. గోల్కొండ తానీషా కాలంనుండి భద్రాద్రి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం నెలకొన్న ఈ సీమలో ఇది ఆశ్చర్యం కాకూడదు.

ఇన్ని విధాల మనకు చుట్టరికం ఉన్న ఈ కళ ఏమైనది? ‘ఆలం ఆరా’ ప్రతి ఒక్కటైనా నేడు లభ్యం కాదు. జాతీయ చలనచిత్ర భాండాగారం పుణేలో 1964లో గాని ఏర్పడలేదు. అప్పటికే జరగవలసిన నష్టం చాలవరకు జరిగిపోయింది. 2003లో అక్కడ చెలరేగిన అగ్నిప్రమాదంలో మరికొన్ని పాత చిత్రాలు బూడిదైనాయి. మన ఊళ్ళలో అటకలమీది ప్లేట్లు పాతసామాను బండికి తూకానికి పోతున్నవి. వినేవారు ఉన్నంతకాలమే భద్రపరచేవారు ఉంటారు. కనుక పాత పాటను ఆస్వాదించడం వృథా కాలక్షేపం కాదు. కాపాడే పనిలో అది తొలిమెట్టు.

అయితే పాతదంతా బంగారమని నా వాదం కాదు. తొలి పాటల చిత్రంగా పేరు మోసిన ‘ది జాజ్ సింగర్’ (1927)లో శ్వేతజాతి నటుడు ఆల్ జోల్సన్ ముఖానికి మసి పూసుకొని నల్లవాడి వేషం కట్టాడు. న్యూయార్కులో హార్లెమ్ అనే నల్లవారి పేటలోనే కాటన్ క్లబ్ ఉండేది. వేదికపై డ్యూక్ ఎల్లింగ్టన్ వంటి మహాకళాకారులు, నర్తకులు అందరూ నల్లవారు. కుర్చీలలో కూర్చుండే అర్హత మాత్రం తెల్లవారిదే. ఆటకు పనికివచ్చిన మనిషి పక్కన కూర్చోవడానికి పనికిరాలేదు. ఆ సంగీతాన్ని వింటూ ఈ సంగతిని మరచిపోతే మన ఆనందంలో అన్యాయం పాలు కలుస్తుంది.

ఇది విని “ఎంత ఘోరం!” అనుకుంటాము. మరి గోదావరి ఒడ్డున మనం చేస్తున్నదేమిటి? మంత్రి వచ్చినా, అధికారి వచ్చినా, కళాశాల ఉత్సవమైనా కొమ్ముకోయ నృత్యం ఉండవలసిందే. అడవిదున్న కొమ్ములు తలదాల్చి, మెడలో డోలు వేసుకొని పురుషులు, ఒకరి చేతులొకరు పట్టుకొని స్త్రీలు ఎండలో గేటు దగ్గర నిలబడి అతిథిని లోనికి తోడ్కొని వస్తారు. అతిథి వేదిక ఎక్కుతాడు. సభ మొదలవుతుంది. ఆడినవారు చెట్టుకింద కూర్చుంటారు. ఆహ్వానపత్రంలో ముఖ్య అతిథి పేరు, అధ్యక్షుని పేరు, వందన సమర్పణ చేసేవారి పేరు అచ్చవుతాయి. వారిది మాత్రం ‘గిరిజన నృత్యం’ అనే ఒక్క మాట! వారి ఊరు లేదు, పేరు లేదు, పాడిన రేలపాటకు అర్థం చెప్పే మనిషి లేడు. కాటన్ క్లబ్‌ను నిందించే నోరు మనకున్నదా?

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథను కోయభాషలోనూ తెలుగులోనూ గానం చేసిన కళాకారుడు. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించింది. 2024లో ఆయన మరణించాడు. దేశం ఆయనను పేరుపెట్టి పిలిచింది. మన చుట్టుపక్కల గూడేలలో పేరుపెట్టి పిలువదగినవారు ఇంకెందరో ఉన్నారు. వారిని అడగవలసినది మనమే.

నృత్యగీతాలు విద్యార్థుల శీలానికి మంచివి కావని శంకించే పెద్దలు మనలో ఉన్నారు. వారి ఆందోళనను నేను తేలికగా తీసుకోను. కాని శీలం అనేది చెవులు మూసుకోవడం వల్ల వస్తుందా, విన్నదాని వెనుకనున్న మనిషిని గౌరవించడం వల్ల వస్తుందా? ఒకరి శ్రమను అనుభవించి, వారి పేరును మరచిపోవడమే నా దృష్టిలో శీలలోపం.

కావున కళాశాల పాలకవర్గానికి మూడు మనవులు. మొదటిది, గ్రంథాలయంలో నెలకొక గంట పాత పాటల శ్రవణానికి కేటాయించండి. ఉర్దూ, తెలుగు విభాగాలు వంతులవారీగా ఒక్కొక్క ప్లేటును పరిచయం చేయవచ్చును. పాడినవారు, వ్రాసినవారు, వాయించినవారు ఎవరో చెప్పిన తరువాతనే వినిపించాలి. రెండవది, విద్యార్థుల ఇళ్ళలో మూలపడి ఉన్న గ్రామఫోను ప్లేట్లను అడిగి తెచ్చి, వాటిలోని శబ్దాన్ని నకలు చేసి, తిరిగి ఇచ్చివేయండి. దీనికి పెద్ద ఖర్చు అక్కరలేదు. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది: రాబోయే వార్షికోత్సవానికి వచ్చే కోయ కళాకారులలో ప్రతి ఒక్కరి పేరునూ, ఊరి పేరుతో సహా, ఆహ్వానపత్రంలో అచ్చువేయండి. ఆట ముగియగానే వారిని చెట్టుకిందికి కాదు, ముందువరుస కుర్చీలలోకి పిలవండి.

విద్యార్థి మిత్రులారా! హాయిగా వినండి, చూడండి, కాలు కదిపితే కదపండి. ఆనందం నేరం కాదు. పాట ముగిసినప్పుడు మాత్రం గౌహర్ జాన్‌ను ఒకసారి తలచుకోండి. తన పేరు తాను చెప్పుకోగలిగిన అదృష్టం ఆమెకు దక్కింది. మోదుగ కొమ్మనుండి లక్క గీకినవానికి, గేటు దగ్గర డోలు కొట్టినవానికి ఆ అవకాశం దక్కలేదు. వారి పాటకు ముద్ర వేయవలసిన బాధ్యత విన్న మనదే.