కంప్యూటరు బల్ల సర్దుకుందామా?

పిల్లలూ, మీ ఇంట్లో కంప్యూటరు ఉన్నదా? ఉంటే దాన్ని తెరిచి, మొట్టమొదట కనిపించే తెరను ఒకసారి పరకాయించి చూడండి. దాని పేరు డెస్క్‌టాప్. అంటే బల్ల పైభాగం అన్నమాట. కాగితాలూ, దస్త్రాలూ పరిచిన ఆఫీసు బల్లలాగా తెర ఉండాలన్న ఆలోచనతో అమెరికాలో జిరాక్స్ కంపెనీవారు 1981లో "స్టార్" అనే యంత్రాన్ని అమ్మకానికి తెచ్చారు. అంతకు ముందు చాలా కంప్యూటర్లకు ఆజ్ఞలన్నీ అక్షరాలలో టైపు చెయ్యవలసి వచ్చేది.

బల్ల ఉన్నచోట చెత్త చేరకుండా ఉంటుందా? నందివాడ ప్రాంతమంతా చేపల చెరువులు కదా! అక్కడ ఒక ఇల్లు ఉన్నదనుకుందాం. ఇంటిల్లిపాదికీ ఒకటే కంప్యూటరు. అందులో నాన్నగారు శీలావతి, బొచ్చె చేపల మేత లెక్కలు రాస్తారు. అక్కయ్య కాలేజీ దరఖాస్తులూ, తాతయ్య పాత ఫొటోలూ, తమ్ముడి ఆటలూ అన్నీ తెరమీదనే ఉన్నాయి. తమ్ముడికి శుభ్రం చెయ్యాలని బుద్ధి పుట్టి, అన్నిటినీ కలిపి డిలీట్ నొక్కాడనుకోండి! మేతకు ఎంత ఖర్చయిందో, ఎవరికి ఎంత బాకీయో నాన్నగారికి ఎలా తెలుస్తుంది?

కనక సర్దేవాడు ముందు ఏది ఏమిటో తెలుసుకోవాలి. విండోస్‌లో కొన్ని బొమ్మలకు ఎడమ పక్క కింది మూల చిన్న బాణం గుర్తు ఉంటుంది. అది అసలు వస్తువు కాదు, దాని దగ్గరికి దారి చూపే చీటీ మాత్రమే. చీటీ తీసేస్తే ఆట ఎక్కడికీ పోదు. బాణం లేనిది చాలావరకు అసలు ఫైలే. దాన్ని తీసేస్తే రీసైకిల్ బిన్ అనే బుట్టలో పడుతుంది. బుట్ట ఖాళీ చేసేలోగా దాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు. అయితే పెన్ డ్రైవ్‌లో నుంచి తీసేసినవి సాధారణంగా ఈ బుట్టలోకి రావు. జాగ్రత్త!

ఇక సర్దటం ఎలాగో చూడండి. మనిషికొకటి చొప్పున ఫోల్డర్లు చెయ్యండి. తెలుగు అక్షరాలకు 1991 నుంచీ యూనికోడ్‌లో చోటున్నది. కనక "చెరువు లెక్కలు", "తాతయ్య ఫొటోలు" అని చక్కగా తెలుగులోనే పేర్లు పెట్టవచ్చు. ఎవరి ఫైలు వారి ఫోల్డరులోకి చేర్చండి. అక్కరలేదనిపించినదాన్ని కూడా దాని యజమానిని అడిగిన తరవాతనే తీసెయ్యండి. ఒక సంగతి గుర్తుంచుకోండి: ఫైలును తెరమీద నుంచి ఫోల్డరులోకి మార్చినంత మాత్రాన కంప్యూటరులో ఖాళీ పెరగదు. వెతుకులాట తగ్గుతుంది, అంతే.

ఫోల్డర్లు ఎంత ముచ్చటగా సర్దినా, యంత్రమే పాడైతే? 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నందివాడ మండలంలో పల్లెలను ముంచెత్తింది. నీటిలో మునిగిన యంత్రంలోని లెక్కలు మళ్ళీ చేతికి వస్తాయని నమ్మకం లేదు. అందుచేత ముఖ్యమైన వాటికి ఇంకొక నకలు తీసి, వేరే ఊళ్ళో ఉన్న బంధువుల ఇంట పెన్ డ్రైవ్‌లో గాని, ఇంటర్నెట్ నిలవలో గాని దాచాలి. అదే ఇంట్లో, అదే బల్ల సొరుగులో దాచిన నకలు వరదకు అక్కరకు రాదు.

పని పూర్తయింది గనక ఇప్పుడు అలంకారం! తెరమీద ఖాళీచోట మౌసు కుడి మీట నొక్కితే, బొమ్మల సైజు మార్చటానికీ, వెనక చిత్రం మార్చటానికీ దారులు కనిపిస్తాయి. సిలికానాంధ్రవారు ఉచితంగా ఇచ్చిన తెలుగు అక్షరరూపాలలో ఒకదాని పేరు "ఎన్.టి.ఆర్." గుడివాడకు దగ్గరలోని నిమ్మకూరులో 1923లో పుట్టిన నందమూరి తారక రామారావుగారి పేరు అది. పెద్ద అక్షరాలకు అది బాగుంటుంది. దానితో మీ బడి టైంటేబులు రాసి, బొమ్మగా భద్రపరిచి, తెరకు వెనక చిత్రంగా పెట్టుకోండి. కంప్యూటరు తెరిచినప్పుడల్లా రేపటి పాఠాలు మీకు ఎదురుగా కనిపిస్తాయి.

ఈ ఆదివారం మీ ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, తెరమీద ఉన్న ఒక్కొక్క ఫైలూ ఎవరిదో అడిగి రాసుకోండి. ఎవరూ తమదని చెప్పనివి ఎన్ని మిగులుతాయో లెక్కపెట్టండి!