స్త్రీలు – చట్టము: బిడ్డను గూర్చిన ఆజ్ఞకు తిరుగులేదా?

ఖిలా వరంగల్లు నుండి ఒక సోదరి వ్రాసిన లేఖ చదివి మిగుల చింతిల్లితిమి. ఆమె కుమార్తె కూలిపనికై పొరుగూరు పోయియుండగా, బస్సుస్టాండులో ఒంటరిగా తిరుగుచున్న మనుమరాలిని పోలీసువారు బాలల సంక్షేమ సమితి యెదుట నుంచిరట. సమితి ఆ పిల్లను బాలసదనమునకు పంపినదట. "సమితి ఆజ్ఞకు తిరుగులేదు, పిల్లపై ఆశ విడువుము" అని ఇరుగుపొరుగువారు చెప్పుచున్నారట. ఇది నిజమా యని ఆమె ప్రశ్న.

నిజము కాదు. ఈ సంగతి సోదరీమణులందఱును తెలిసికొనవలసియున్నది.

2015 సంవత్సరపు బాలల న్యాయచట్టము ననుసరించి జిల్లాలలో ఈ సమితులు ఏర్పడినవి. అధ్యక్షునితో కూడ సభ్యులైదుగురు. అందొక్కరైనను స్త్రీ యుండవలెను. మొదటి తరగతి మేజిస్ట్రేటున కుండు అధికారము వీరికి కలదు. సంరక్షణ కావలసిన బిడ్డను 24 గంటలలోపల వీరి యెదుటికి తేవలెను. వీరిని శత్రువులుగా భావింపరాదు. దిక్కులేని బిడ్డలకు వీరే దిక్కు. అయినను మనుష్యులిచ్చు ఆజ్ఞలో పొరపాటు దొరలవచ్చును. కావుననే చట్టము మరియొక ద్వారము తెఱచియుంచినది.

సమితి ఆజ్ఞవలన నొచ్చినవారెవరైనను 30 దినములలోపల బాలల న్యాయస్థానమునకు అప్పీలు చేసికొనవచ్చును. తగిన కారణము చూపినచో ఆలస్యమును మన్నింతురు. పెంపుడు కుటుంబమున కప్పగించుట వంటి విషయములలో అప్పీలు కలెక్టరుకడకు పోవును. ఇదిగాక, ఆజ్ఞ చట్టసమ్మతమా, ఉచితమా యని హైకోర్టు రికార్డులను తెప్పించి ఎప్పుడైనను విచారింపవచ్చును; ఎవరును కోరకున్నను తానై విచారింపవచ్చును.

ఇది కాగితముపై మాట మాత్రమే కాదు. 2024లో హైదరాబాదు పరిసరములలో పసికందులను అమ్ము ముఠా పట్టుబడినప్పుడు, వారిని పెంచుకొనుచున్న దంపతులనుండి బిడ్డలను తీసివేసిరి. కొందఱు దంపతులు హైకోర్టు నాశ్రయించిరి. ఒక న్యాయమూర్తి బిడ్డలను వారి కిమ్మనెను. ధర్మాసనము ఆ తీర్పును త్రోసివేసెను. తుదకు 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు బిడ్డలను ఆ దంపతుల కప్పగింపుమనెను. దీనినిబట్టి బిడ్డను కొనుట తప్పుగాదని యెవరును తలంపరాదు. అది నేరము, ఐదేండ్లవరకు కఠినశిక్ష, లక్ష రూపాయల జరిమానా కలవు. మనము గ్రహింపవలసినది వేరు. కోర్టులలో ఒక సంవత్సరము గడచుట పెద్దలకు చిన్నమాట. పసిబిడ్డకు అది సగము జీవితము. కావున ఆలసింపరాదు.

సోదరీ, మీరును మీ కుమార్తెయు చేయవలసినది ఇది. ముందుగా పిల్ల జనన పత్రమును, మీ ఇంటి ఆధారములను తీసికొని సమితివారిని కలిసి, పిల్లను తిరిగి ఇమ్మని వ్రాతమూలముగా కోరుడు. బిడ్డను ఇంటికి చేర్చుటయే మేలనియు, సంస్థలో నుంచుట తుది ఉపాయమనియు చట్టమే చెప్పుచున్నది. ఆజ్ఞ ప్రతిని అడిగి తీసికొనుడు. దానిపై తేదీని గుర్తించుకొనుడు. వకీలుకు ఇచ్చుటకు రొక్కము లేదని వెనుదీయవలదు. 1987 చట్టము ప్రకారము, ఆదాయముతో పనిలేకుండ స్త్రీలకును పిల్లలకును జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా వకీలును ఏర్పాటు చేయును.

మీరు నివసించు కోటలోనే రుద్రమదేవి తన కూతురు ముమ్మడమ్మ కుమారుని దత్తు గైకొని, ప్రతాపరుద్రునిగా రాజ్యమున కధిపతిని చేసినది. మనుమని చేరదీయుటకు ఆ రాణి యెవరికిని అర్జీ పెట్టుకొనలేదు. మీకు రాణిపదవి లేదు. అర్జీ పెట్టు హక్కు కలదు. ముప్పది దినములు గడువకముందే దానిని వాడుకొనుడు.