కాదనడానికీ నోరు రాదా?

ఉద్యోగం ఇవ్వకపోవడం సంస్థ హక్కు, కాదనను. ఇవ్వడం లేదన్న మాట చెప్పకపోవడం మాత్రం హక్కు కాదు, అమర్యాద.

మాదాపూరులోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థవారు నన్ను నాలుగు విడతలుగా పరీక్షించారు. చివరి విడతకు పదిన్నరకు రమ్మని పన్నెండున్నర దాకా కూర్చోబెట్టారు. ఎదుటి పెద్దమనిషి నా వివరాల కాగితాన్ని అప్పుడే మొదటిసారి తిరగేస్తున్నాడని చూడగానే తెలిసింది. ఇప్పటి జీతమెంత? మూడు నెలల పే స్లిప్పులేవి? 90 రోజుల నోటీసును 30కి తగ్గించుకోగలరా? అన్నిటికీ బదులిచ్చాను. నేనడిగింది ఒక్కటే: ఈ ఉద్యోగానికి మీరనుకున్న జీతమెంత? అది చెప్పకూడదట!

రెండు రోజుల్లో కబురు చేస్తామన్నారు. ఆరు వారాలు గడిచాయి. ఫోను చేస్తే "ప్రాసెస్‌లో ఉందండీ" అనేవారు. తరువాత ఫోను తీయడమూ మానేశారు.

వెనుకటికి పెళ్ళిచూపుల్లో ఫలహారం ముగించి, "ఇంటికి వెళ్ళి ఉత్తరం రాస్తాం" అని లేచేవారు మగపెళ్ళివారు. ఆ ఉత్తరం కోసం ఆడపిల్ల తండ్రి మరో సంబంధం చూడలేక, ఊరకుండలేక నలిగిపోయేవాడు. అభ్యర్థి స్థితీ అదే. మరోచోటి నుంచి పిలుపు వస్తే అవుననలేడు, కాదనలేడు. సంస్థకది ఒక ఖాళీ కుర్చీ, ఇతనికి ఇల్లు గడిచే దారి.

వేల దరఖాస్తులొస్తే అందరికీ జవాబివ్వగలమా అంటారు. అందరికీ అక్కరలేదు. ఎదుట కూర్చోబెట్టుకుని మాట్లాడిన పదిమందికి ఇస్తే చాలు. సివిల్ సర్వీసెస్ మౌఖిక పరీక్షకు 275 మార్కులు. అక్కడ ఎంపిక కాని అభ్యర్థికి సైతం తన మార్కులు తెలుస్తాయి. అంత పెద్ద వ్యవస్థకు సాధ్యమైనది ఒక కార్యాలయానికి అసాధ్యమా?

కెనడాలోని ఒంటారియో రాష్ట్రం దీన్ని మర్యాదకు వదిలిపెట్టలేదు. 2026 జనవరి 1 నుంచి అక్కడ 25 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు బహిరంగంగా ప్రకటించిన ఉద్యోగాలకు ఇంటర్వ్యూ చేస్తే, 45 రోజుల్లోగా ఎంపికపై నిర్ణయం జరిగిందో లేదో అభ్యర్థికి తెలపాలి. చాలా ఉద్యోగాలకు జీతమెంతో ప్రకటనలోనే చెప్పాలి. మనకూ అటువంటి నియమం కావాలి.

అంతదాకా మన సంస్థలను కోరేది రెండే: పిలిచేముందు జీతం మాట, పిలిచాక ఫలితం మాట. "మిమ్మల్ని తీసుకోవడం లేదు" అన్న ఒక్క వాక్యం చాలు. దాన్ని అందుకున్నవాడు మర్నాడు మరో గుమ్మం ఎక్కగలడు.