గేమ్స్ పీరియడ్ తీసేయమని అడగకండి



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు ప్రోగ్రెస్ రిపోర్ట్ మడిచి జేబులో పెట్టుకుంటూ నాతో ఇలా అన్నారు: "మేడమ్, మా గుంటడికి ఆటలు ఎక్కువైపోనాయి. ఆ గేమ్స్ పీరియడ్‌లో కూడా ఏదో ఒకటి చదివించండి. ఫీజులు కడతన్నది చదువుకే గదా." ఆయన కాశీబుగ్గలో జీడిపప్పు పనిలో ఉంటారు. ఆ ఫీజు ఎంత కష్టం మీద వస్తుందో నాకు తెలుసు. అందుకే ఎదురు చెప్పలేక "సరే సార్, చూస్తాం" అన్నాను. ఆ జవాబు తప్పని ఇప్పుడు అనిపిస్తోంది. ఆయనకు అప్పుడు చెప్పాల్సింది ఇప్పుడు మీ అందరికీ చెబుతున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. యూనిట్ టెస్టుకి ముందు రెండు వారాలు పీఈటీ సార్‌ని అడిగి మరీ గేమ్స్ పీరియడ్ తీసుకున్నాను, గ్రామర్ రివిజన్ కోసం. పిల్లలు ఎదురు చెప్పలేదు. కిటికీలోంచి గ్రౌండ్ వైపు చూస్తూ యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్ రాసుకున్నారు. టెస్టులో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. వాళ్ళ పీరియడ్ పోయింది, నా పని జరగలేదు.

సెప్టెంబర్ అంటే మనకు టీచర్స్ డే గుర్తొస్తుంది. దేశంలో మొదటి టీచర్స్ డే 1962 సెప్టెంబర్ 5న జరిగింది. దానికి సరిగ్గా ఒక్కరోజు ముందు, సెప్టెంబర్ 4న, జకార్తాలో ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ ఫైనల్‌లో భారత్ 2-1తో దక్షిణ కొరియాను ఓడించి బంగారు పతకం గెలిచింది. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. మన హైదరాబాద్ మనిషి, వృత్తిరీత్యా స్కూలు టీచర్. 2024లో వచ్చిన 'మైదాన్' హిందీ సినిమా ఆయన కథే. మీలో కొందరు చూసే ఉంటారు.

రహీమ్ ఉస్మానియాలో డిగ్రీ చదివి కాచిగూడ మిడిల్ స్కూల్లోనూ, మరికొన్ని స్కూళ్ళలోనూ పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి స్కూలు ఆటల బాధ్యత తీసుకున్నారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్ అయ్యారు. ఆ ఏడాది ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. స్వాతంత్ర్యం వచ్చాక మొదటిసారి జరిగిన డ్యూరాండ్ కప్ కూడా ఆ ఏడాదే. దాని ఫైనల్‌లో ఎదురుగా ఉన్నది కలకత్తా మోహన్ బగాన్. మొదటి మ్యాచ్ డ్రా అయితే, మళ్ళీ ఆడి గెలిచారు మనవాళ్ళు. రోవర్స్ కప్ 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు హైదరాబాద్‌దే. డ్యూరాండ్ కప్ 1954లో, 1957లో, ఆంధ్రా పోలీస్ పేరుతో 1961లో మళ్ళీ వచ్చింది. ఇవన్నీ ఓడితే ఇంటికి పోయే నాకౌట్ పోటీలే.

ఇంత గెలిచిన మనిషి పిల్లలకు ఆట ఎలా నేర్పారో చూస్తే మన క్లాస్‌రూమ్‌కి పనికొచ్చే సంగతులు కనిపిస్తాయి. కుడికాలితో ఆడే అలవాటున్నవాళ్ళు ఎడమకాలితోనే తన్నాలని నియమం పెట్టి టోర్నమెంట్లు నడిపేవారట. బంతి దగ్గర పెట్టుకోకుండా వెంటనే పాస్ ఇవ్వాలనే నియమంతో ఇంకో పోటీ. అంటే ఎవరికి ఏది రాదో దానికే ఒక ఆట కట్టారు. రానిదాన్ని తిట్టి నేర్పలేదు, ఆడించి నేర్పారు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద ఇంట పుట్టిన తులసీదాస్ బలరామ్‌కి ప్రాక్టీసుకి రావడానికి దారి ఖర్చులు లేకపోతే, అద్దె సైకిల్ కోసం రోజుకో రూపాయి రహీమ్ గారే ఇచ్చేవారని బలరామ్ చెప్పుకునేవారు. ఆ కుర్రాడు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చిన జట్టులోనూ, జకార్తా జట్టులోనూ ఉన్నాడు.

జకార్తా సంగతి పిల్లలకు క్లాసులో చెప్పాను. మొదటి మ్యాచ్‌లో మనం ఇదే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయాం. అది గ్రూప్ మ్యాచ్ కాబట్టి ఇంకా అవకాశం ఉంది. తర్వాత థాయిలాండ్‌ని, జపాన్‌ని ఓడించి, సెమీస్ దాటి, ఫైనల్‌లో మళ్ళీ అదే కొరియాని గెలిచాం. అప్పటికే రహీమ్ గారికి క్యాన్సర్. మరుసటి ఏడాది జూన్‌లో పోయారు.

ఈ కథ విని ఒక అమ్మాయి అడిగింది: "మరి నాకౌట్ అయితే మొదటి రోజే ఇంటికి వచ్చేసేవాళ్ళు కదా మిస్?" అవును, వచ్చేసేవాళ్ళు. ఆ ప్రశ్న దగ్గరే నేను ఆగిపోయాను. ఎందుకంటే మనం పిల్లలకు ప్రతి టెస్టునీ నాకౌట్‌లా చేస్తున్నాం. ఎనిమిదో తరగతిలో ఒక పాప ర్యాంకు 3 నుంచి 11కి దిగితే ఆ రోజు లంచ్ బాక్స్ మూత తీయలేదు. "ఇంట్లో ఏం చెప్పాలి మిస్" అని ఒకటే మాట. అదే వారం గ్రౌండ్‌లో 0-4తో ఓడిన పిల్లలు సాయంత్రం బస్సు ఎక్కేటప్పుడు "రేపు చూసుకుందాం" అని నవ్వుకుంటూ వెళ్ళారు. 16 జట్లు ఆడే నాకౌట్‌లో 15 జట్లు ఓడిపోయే ఇంటికి వెళ్తాయి. ఓడిపోయి ఇంటికి వచ్చి, అన్నం తిని, మర్నాడు మళ్ళీ షూ వేసుకోవడం ఆటలో తప్ప ఇంకెక్కడ నేర్పగలం? నా ఇంగ్లిష్ పీరియడ్‌లో అయితే నేర్పలేను.

1962లో మన చేతిలో ఓడిన జపాన్ ఆరేళ్ళకే, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. అక్కడ 1921 నుంచి ఎంపరర్స్ కప్ అనే నాకౌట్ పోటీ ఉంది. దేశంలోని 47 ప్రిఫెక్చర్ల నుంచి, అంటే మన జిల్లాల్లాంటివాటి నుంచి, జట్లు వస్తాయి. యూనివర్సిటీ కుర్రాళ్ళు ప్రొఫెషనల్ జట్లతో తలపడతారు. 2017లో త్సుకుబా యూనివర్సిటీ జట్టు మొదటి డివిజన్ క్లబ్ అయిన వెగాల్టా సెందాయ్‌ని 3-2తో ఓడించింది. అందులో రెండు గోల్స్ కొట్టిన విద్యార్థి కవోరు మితోమా. హైస్కూల్ అయ్యేసరికే పెద్ద క్లబ్ పిలిచినా, ముందు చదువుకుంటానని యూనివర్సిటీకి వెళ్ళాడు. అక్కడ డ్రిబ్లింగ్ మీదే థీసిస్ రాశాడు. ఆటగాళ్ళ తలకు చిన్న కెమెరా కట్టి, వాళ్ళ చూపు ఎక్కడ ఉంటుందో పరిశీలించాడు. ఇవాళ ప్రపంచమంతా తెలిసిన ఆటగాడు. ఆట, చదువు ఒకదానికొకటి శత్రువులని అతనికి ఎవరూ చెప్పలేదు.

మీ భయాలు నాకు తెలియనివి కావు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు చూడని వీధి తక్కువ. పిల్లవాడు ఎండలో ఆడి వస్తే తల్లి గుండె గుబేలుమంటుంది. ఎండలో ఆడించమని నేను అనడం లేదు. గేమ్స్ పీరియడ్ ఉదయం గాని సాయంత్రం గాని ఉండాలని, గ్రౌండ్ దగ్గర మంచినీళ్ళు ఉండాలని స్కూల్‌ని గట్టిగా అడగండి. అలా అడిగితే మేమూ మీ వైపే. "ఆటలు అన్నం పెడతాయా" అంటారు. సోంపేట, కవిటి, మందస ఊళ్ళలో తెల్లవారుజామున రోడ్ల మీద పరిగెత్తే కుర్రాళ్ళని చూడండి. ఆర్మీ సెలక్షన్‌లో 1600 మీటర్ల పరుగు కూడా ఉంటుంది. చిన్నప్పుడు ఆడనివ్వని కాళ్ళు పద్దెనిమిదేళ్ళకి ఒక్కసారిగా పరుగెత్తలేవు.

ఆడపిల్లల గురించి ఒక మాట. ఎనిమిదో తరగతికి రాగానే "మా పాపని గ్రౌండ్‌కి పంపొద్దు" అని డైరీలో రాసి పంపుతున్నారు. 2000 సెప్టెంబర్‌లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ అయిన కరణం మల్లీశ్వరి మన జిల్లా అమ్మాయే, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. ఆమె ఇంట్లోవాళ్ళు ఆ వయసులో అలాంటి డైరీ రాసి ఉంటే?

అందరూ మల్లీశ్వరులు, బలరామ్‌లు అవుతారని నేను చెప్పను. అవ్వరు. నా కోరికలు చిన్నవి. గేమ్స్ పీరియడ్‌ని స్టడీ అవర్ చేయమని అడగకండి. నాలాంటి టీచర్ ఎవరైనా ఆ పీరియడ్ లాక్కుంటే, "ఎందుకు తీసుకున్నారు మేడమ్" అని మీరే అడగండి. సాయంత్రం పిల్లలు ఇంటికి రాగానే మార్కుల కంటే ముందు "ఇవాళ ఏం ఆడావు? గెలిచావా, ఓడావా?" అని అడగండి. "ఓడిపోయాను" అని చెబితే ఏమీ అనకుండా అన్నం పెట్టండి. రేపు మార్కులు తగ్గినప్పుడు కూడా ఆ పిల్లలు ధైర్యంగా మీ దగ్గరకే వచ్చి చెబుతారు.

ఆ నాన్నగారు ఇది చదువుతుంటే ఒక మాట: సార్, మీ అబ్బాయి మా స్కూల్లో మంచి గోల్‌కీపర్. ఒక్కసారి సాయంత్రం వచ్చి చూడండి.

— మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్